గోరుకి తగిలిన గీత

అమ్మాయి వాళ్ళ ఇల్లు, మేడ మీది గది
ఎండలు మొదలైన వారం

చిరంజీవి పిచ్చుకకి,

మామయ్య ఆశీస్సులు. మొన్న నువ్వు ఫోన్ చేస్తే అమ్మాయి తెచ్చి నా చెవి దగ్గర పెట్టింది. నువ్వేదో అడిగావు. నేను "ఆఁ ఆఁ, తిన్నానమ్మా" అన్నాను. నువ్వడిగింది తిన్నానా అని కాదట, పంపులో ప్రెషర్ పడిపోతోంది ఏం చెయ్యమంటారని అట! ఇల్లంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను? ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ పంపు పక్కన నిలబడ్డవాడికి చెవులు మిగులుతాయా? ఇకమీదట ఉత్తరాలే రాయి, తీరిగ్గా చదువుకుంటాను.

ప్రెషర్ సంగతి. అది కుడివైపు సిలిండరే, అనుమానం లేదు. అరిగిపోయుంటుంది. మీ మేనేజరు కొత్తది కొనడానికి ఏడుస్తాడు, ఆయన సంగతి నాకు తెలీదా. అందుకే దీంతోపాటు ఒక పార్సిల్ పంపుతున్నాను. నేను రిటైరైన రోజు స్క్రాపులోంచి ఒక పాత సిలిండర్ అడిగి తెచ్చుకున్నాను, గుర్తుందా? అందరూ గోడగడియారం పట్టుకెళ్తారు, మీ మామయ్య ఇనపగొట్టం పట్టుకెళ్ళాడని మీరంతా నవ్వారు. అదే ఇది. ఈ వీధి చివర లేతు షాపతను నాకో స్టూలు వేశాడు. "ఈ గొట్టంతో ఏం చేస్తారు తాతగారూ?" అన్నాడు. "నాయనా, నీళ్ళని వెంట్రుకంత సన్నగా పిండి వాటితో ఇనప రేకునీ రాయినీ కోయించే పంపు ఉంటుంది. ఆ పంపుకి గుండెకాయ ఇది" అన్నాను. అప్పణ్ణుంచీ నాకు గౌరవం పెరిగింది. కర్రకి బట్ట చుట్టి, అరగదీసే పేస్టు రాసి, లోపలంతా నునుపు చేశాను. ఎన్నాళ్ళు పట్టిందో అడక్కు.

బిగించేముందు నీళ్ళు కారకుండా ఆపే సీలు కూర్చునే మూతి దగ్గర గోరు పెట్టి చూడు, ఎక్కడైనా తగులుకుంటుందేమో. నేను నేర్పినట్టే, కళ్ళు మూసుకుని మెల్లగా చుట్టూ తిప్పు. ఎలా ఉందో రాయి. మామయ్య కదా అని మొహమాటపడకు.

ఇక్కడ నాకు లోటేం లేదు. కూరగాయలు తెస్తాను, మొక్కలకి నీళ్ళు పోస్తాను. అల్లుడు పాలరాయి షాపులో అదే రకం యంత్రం నడుపుతాడు కదా, వాడితో పంపుల గురించి మాట్లాడదామని ఉంటుంది. వాడు మాత్రం "మీరు రెస్ట్ తీసుకోండి మామయ్యా" అంటాడు. చాలా మర్యాదస్తుడు. ఆ మర్యాదే నన్ను కొరుక్కు తింటోంది.

మీ మామయ్య

&nbsp;

పంపు గది, టూల్సు బీరువా ముందు

మామయ్యకి,

పార్సిల్ అందింది. విప్పుతుంటే షాపంతా గుమిగూడారు, పెళ్ళికూతురి ముసుగు తీస్తున్నట్టు. లోపల పట్టులా ఉంది మామయ్యా! గోరు పెడితే జారిపోయింది. మీ చేతికి ఇంకా పనితనం పోలేదు. మేనేజరుగారు కూడా వచ్చి చూసి "పులి ముసలిదైనా పులేనమ్మా" అన్నారు. ప్రెషర్ ముల్లు పైకెక్కి అక్కడే నిలబడింది. మళ్ళీ దిగలేదు. మీరున్నప్పటి రోజులు గుర్తొచ్చాయి.

ఇక్కడ అందరూ మిమ్మల్ని అడిగామని చెప్పమన్నారు. మీ స్టూలు ఇంకా పంపు పక్కనే ఉంది, దానిమీద నేనే కూర్చుంటున్నా. వదినని, అన్నయ్యని అడిగానని చెప్పండి. మీరు ఎక్కువ ఎండలో తిరక్కండి.

మీ పిచ్చుక

&nbsp;

మేడ మీది గది

ఒసేయ్ పిచ్చుకా,

నా నెత్తిన పాలు పోశావే! నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. అన్నం తినేటప్పుడు అల్లుడికి చూపించాను. చూపించకూడదనే అనుకున్నాను, ఆగలేకపోయాను. వాడు మొత్తం చదివి, నా ఎడమ చెవి దగ్గరకొచ్చి అరిచాడు: "మామయ్యా, ఇంత విద్య ఇంట్లో పెట్టుకుని మేము బయట తిరుగుతున్నామా!" మా షాపుకీ ఒకటి చేసిపెట్టండి అన్నాడు. మర్నాడే వాళ్ళ పాత సిలిండర్ బండిమీద వేసుకుని తెచ్చేశాడు. వాళ్ళ ఓనరు ద్వారా ఇంకో షాపువాళ్ళు కూడా కబురు పెట్టారు.

ఇప్పుడు నా దినచర్య చూడాలి నువ్వు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని లేతు షాపుకి వెళ్తాను. కూరగాయలు అమ్మాయే తెచ్చుకుంటోంది. నిన్న ఎవరో వస్తే అల్లుడు నన్ను చూపించి ఏదో చెప్పాడు, నాకు వినపళ్ళేదు కానీ వచ్చినాయన లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. ఆ మధ్య ఈ ఇంట్లో నేను కుర్చీలో వదిలేసిన తువ్వాల్లా ఉండేవాణ్ణి. అది పోయింది.

ఒక్క సంగతి. ఆ చిన్న కన్నం, అదే, లోపల సీలు దాటి నీళ్ళొస్తే బయటికి కక్కే కన్నం, మనం ఏడుపు కన్నం అనేవాళ్ళం కదా, అక్కడ ఒక్క చుక్కైనా కనిపించిందా? నువ్వు రాయలేదు. తప్పకుండా రాయి.

మీ మామయ్య

&nbsp;

పంపు గది

మామయ్యకి,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. షాపులో పని ఎక్కువగా ఉంది. మేనేజరుగారికి పంటి నొప్పి, దవడ వాచి అందరిమీదా అరుస్తున్నారు. ఆయన ఏమంటున్నారో ఎవరికీ అర్థం కావట్లేదు, అది మాకు కొంచెం నయం.

ఏడుపు కన్నం పొడిగానే ఉంది. ఒక్క చుక్క లేదు.

మామయ్యా, నా మాట వినండి. వేరేవాళ్ళకి ఒప్పుకోకండి. మీకు షుగర్ ఉంది, అంతసేపు వంగి కూర్చుంటే నడుం పట్టేస్తుంది. అన్నయ్యతో చెప్పి వాళ్ళ సిలిండర్ వెనక్కి ఇచ్చెయ్యండి. చేసినంతవరకు చాలు. రెస్టు తీసుకోండి.

పిచ్చుక

&nbsp;

మేడ మీది గది

పిచ్చుకకి,

నువ్వు కూడా రెస్టు తీసుకోమంటున్నావా? సరే. ఆ మాట అల్లుడు మానేశాడు, నువ్వు మొదలుపెట్టావు.

పొడిగా ఉందన్నావు, అది చాలు నాకు. అల్లుడి షాపు సిలిండర్ అయిపోయింది, బిగించేశారు కూడా. రోజంతా దాని పక్కనే నిలబడుతున్నాడు వాడు. సాయంత్రం ఇంటికి రాగానే బొటనవేలు పైకెత్తి చూపిస్తాడు, బాగుందని. రెండోదానిమీద కూర్చున్నాను.

నడుం బాగానే ఉంది.

మామయ్య

&nbsp;

నా గది, తలుపు వేసుకుని

మామయ్యా,

ఈ ఉత్తరం కొరియర్లో పంపుతున్నాను, రేపటికి అందుతుంది. అందగానే అన్నయ్య షాపులో పంపు ఆపించండి. ముందు ఆ పని చేసి వచ్చి మిగతాది చదవండి.

మీ సిలిండర్ నేను నడపడం లేదు. బిగించిన రోజే తీసేశాను.

గోరు జారలేదు మామయ్యా. మూతి దగ్గర తగులుకుంది. చుట్టూ ఒక గట్టు మిగిలిపోయింది, ఒకచోట నిలువుగా గీత కూడా ఉంది. మీరు నేర్పిన వేలు కదా, వెంటనే తెలిసిపోయింది. అయినా ఏమో, మామయ్య చేశాడు, నాదే పొరపాటేమోనని బిగించాను. తక్కువ ప్రెషర్‌లో బాగానే ఉంది. పెంచేసరికి ఏడుపు కన్నంలోంచి ధార కట్టింది. మేనేజరుగారు "పాపం, పెద్దాయన. కొత్తది ఆర్డరు పెడతాలే" అన్నారు. ఆ పాపం అన్న మాట మీదాకా రానివ్వకూడదనుకున్నాను. అందుకే పట్టులా ఉందని రాసేశాను. మీ సిలిండర్ బట్టలో చుట్టి బల్లకింద పెట్టాను. అది పొడిగా ఉండక ఏమవుతుంది? చుక్క లేదని అలా రాశాను. అంత తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు.

మీరు ఇంకో షాపుకి చేస్తున్నానని రాసినప్పుడే చెప్పాలి. చెప్పలేదు. మీ నడుం మీదకి నెట్టాను. గీత ఉన్న గొట్టం ఎప్పుడో అప్పుడు చీలుతుందని నాకు చెప్పింది మీరే. అది తెలిసి కూడా మిమ్మల్ని సంతోషంగా ఉండనిద్దామనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను మామయ్యా. ఇవాళ స్టూలు మీద కూర్చోలేదు, రోజంతా నిలబడే పనిచేశాను.

వదినకి ఫోన్ చేద్దామని నంబరు నొక్కి కట్ చేశాను. మీ పని గురించిన మాట మీకంటే ముందు మీ ఇంట్లోవాళ్ళు వినడం నాకు ఇష్టంలేకపోయింది. మీరే చెప్పండి. దయచేసి ఇవాళే చెప్పండి.

మీ పిచ్చుక

&nbsp;

హాస్పిటల్ వరండా

పిచ్చుకకి,

నువ్వన్నట్టే మర్నాడు అందింది నీ ఉత్తరం. చదవగానే నువ్వు చెప్పింది చేసి ఉంటే ఇవాళ ఈ బెంచీ మీద కూర్చుని రాసేవాణ్ణి కాదు.

నీ మొదటి మూడు వాక్యాలు చదివి ఆగలేదు నేను. మొత్తం చదివాను. తల కొట్టేసినట్టయింది. అయినా చెప్పులేసుకుని పాలరాయి షాపుకి బయల్దేరాను, నిజం. దారిలో ఒక ఉపాయం తోచింది. సీలు సర్దాలి అని చెప్పి సిలిండర్ విప్పించేస్తే సరిపోతుంది, లోపల సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. పరువూ పోదు, పనీ అవుతుంది అనుకున్నాను. గేటు దగ్గరే వాచ్‌మన్ సలాం కొట్టాడు. లోపల నాకు కుర్చీ వేశారు. టీ తెప్పించారు. ఓనరు ఎవరో ఇద్దర్ని పిలుచుకొచ్చి నన్ను చూపిస్తూ, పంపుని చూపిస్తూ చెబుతున్నాడు. అల్లుడు అవతల పంపు పక్కన నిలబడి నవ్వుతూ బొటనవేలు ఎత్తాడు. కుక్కిన పేనులా ఆ టీ తాగి, లేచి, రేపు చెబుదాంలే అనుకుని ఇంటికొచ్చేశాను.

ఆ సాయంత్రమే అల్లుడు అరచేతికి రుమాలు చుట్టుకుని వచ్చాడు. పంపు కింద నీటిబొట్లు కనిపిస్తే ఎక్కణ్ణుంచా అని చెయ్యి పెట్టి తడిమాడట. అట్టముక్క పెట్టి చూడాలని, చెయ్యి పెట్టకూడదని వాడికి తెలీదా? "మామయ్య చేసిన సిలిండర్ కదా, అది లీకవదు, పైపు జాయింటే అయ్యుంటుందనుకున్నా" అని అమ్మాయికి చెబుతున్నాడు. పెదాలు చూసి అర్థం చేసుకున్నాను. రుమాలు విప్పి చూశాను. ముల్లు గుచ్చుకున్నంత కన్నం, రక్తం కూడా లేదు. కడుక్కుని అన్నానికి కూర్చోబోతున్నాడు.

నీకు తెలుసు కదా ఆ కన్నం అంటే ఏమిటో. పైన ఏమీ ఉండదు, లోపలంతా కోసేసి ఉంటుంది. రిక్షా కోసం కూడా ఆగలేదు, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఇక్కడ నర్సు మందు రాసి పట్టీ వెయ్యబోయింది. చెవిటివాడి గొంతు కదా, హాస్పిటలంతా వినిపించేట్టు అరిచాను. పెద్ద డాక్టరు వచ్చాడు. అరచేతి నుంచి మణికట్టు దాకా తెరిచి కడిగారు. చెయ్యి దక్కింది. చూపుడువేలి సంగతి ఇప్పుడే చెప్పలేం అన్నారు.

ఇప్పుడు నీకు రాయని మాట రాస్తాను. పోయిన చలికాలం నుంచే నా వేళ్ళ కొసలు మొద్దుబారాయి. వేడిగిన్నె ముట్టుకున్నా తెలియదు. సిలిండర్ నునుపు చేశాక గోరు పెట్టి చూశాను. ఏమీ తగల్లేదు. నిజంగా ఏమీ లేదో, నాకే తెలియడం లేదో తేల్చుకోలేకపోయాను. అందుకే నీకు పంపాను. మొహమాటపడకు అని అందుకే రాశాను. ఏడుపు కన్నం గురించి మళ్ళీ అడిగింది అందుకే. నీ వేలికి ఏం తెలిస్తే అది నిజమని నమ్ముదామనుకున్నాను. నువ్వు పట్టులా ఉందన్నావు. హమ్మయ్య, వేళ్ళు పోయినా విద్య పోలేదని అల్లుడికి చేసిపెట్టాను.

నీమీద చాలా కోపం వచ్చింది. నా జన్మలో ఎవరిమీదా అంత రాలేదు. తర్వాత ఆ కుర్చీ, ఆ టీ గుర్తొచ్చాయి. ఇక నిన్ను తిట్టడానికి ముఖం చెల్లలేదు.

అన్నిటికంటే ఘోరం, వీళ్ళంతా నన్ను ఓదారుస్తున్నారు. మత్తు వదలగానే వాడు అన్న మొదటి మాట "మామయ్య తప్పేం లేదు, చెయ్యి పెట్టింది నేను" అని. అమ్మాయి నాకు దుప్పటి కప్పింది. నేనింకా ఏమీ చెప్పలేదు.

మామయ్య

&nbsp;

నా గది

మామయ్యా,

ఏం రాయాలో తెలియడం లేదు. చించి మళ్ళీ మొదలుపెట్టాను.

మీరు నన్నడిగారు. నన్నొక్కదాన్నే అడిగారు. అది నాకు తెలియలేదు. తెలిస్తే చెప్పేదాన్నా అని నన్ను నేను అడుగుతున్నాను. తెలిసినా పట్టులా ఉందనే రాసేదాన్నేమో, అంత పిరికిదాన్ని. ప్రేమ అని పేరు పెట్టుకున్నాను దానికి.

ఇవాళ బల్లకింద సిలిండర్ తీసి అందరిముందు పెట్టాను. జరిగింది చెప్పాను. పక్క యంత్రం దగ్గరతను "పంపు బాగుందని నువ్వు చెబితేనే మేము దాని పక్కన నిలబడతాం" అన్నాడు. పొద్దుట నుంచీ ఎవరూ నాతో కలిసి టీ తాగలేదు. వాళ్ళ తప్పేం లేదు.

వదినకి ఫోన్ చేశాను. అన్నయ్యకెలా ఉందని అడిగాను. అసలు సంగతి మాత్రం చెప్పలేదు. వదిన ఏమందో తెలుసా? "నాన్న బెంగపెట్టేసుకున్నాడే. నీ ఉత్తరమంటే ఆయనకి ప్రాణం. ధైర్యం చెబుతూ నాలుగు ముక్కలు రాయి" అంది. సరే వదినా అన్నాను.

ఇవే ఆ నాలుగు ముక్కలు. చెప్పెయ్యండి మామయ్యా. నేను రాసిన అబద్ధంతో సహా చెప్పండి, నన్ను కాపాడకండి. రెండో షాపుకిచ్చింది కూడా వెనక్కి తెప్పించండి. మీకు నోరు రాకపోతే ఈ ఉత్తరం వదిన చేతిలో పెట్టండి.

పిచ్చుక

&nbsp;

అమ్మాయి వాళ్ళ ఇల్లు, కింది గది

పిచ్చుకకి,

చెప్పాను.

రెండో సిలిండర్ ఇంకా బిగించలేదు, ముందు వెళ్ళి అది తెచ్చేశాను. అక్కడ నిలబడి "నా వేళ్ళకి స్పర్శ లేదు, నా పని నమ్మకండి" అని అన్నాను. ఒకసారి అన్నాక రెండోసారి అనడం తేలికవుతుందనుకున్నాను. కాలేదు.

ఇంటికొచ్చి అల్లుడి మంచం పక్కన కూర్చుని, అమ్మాయిని కూడా పిలిచి, మొదటినుంచీ చెప్పాను. నీ అబద్ధం చెప్పాను, నా అనుమానం చెప్పాను, షాపులో టీ తాగి వచ్చేసిన సంగతి చెప్పాను. అమ్మాయి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అల్లుడు ఒక మాటన్నాడు. చెవి దగ్గరకొచ్చి అరవలేదు, మామూలుగానే అన్నాడు. నాకు పెదాల మీద తెలిసింది.

"నేను ఇంట్లోనే ఉన్నాను కదా మామయ్యా. గోరు పెట్టి చూడరా అని నన్నడగలేకపోయారా?"

అల్లుడి ముందు చేతకానివాణ్ణని ఒప్పుకోవడానికి సిగ్గేసిందిరా అన్నాను. వేరే ఊళ్ళో ఉన్న నీకు పార్సిల్ కట్టి పంపడానికి లేని కష్టం, పక్కగదిలో ఉన్నవాణ్ణి పిలవడానికి వచ్చింది నాకు. వాడు తల ఊపాడు. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు.

అమ్మాయి నాతో మాట్లాడటం లేదు. వేళకి అన్నం పెడుతోంది. మేడమెట్లు ఎక్కి దిగడం కష్టమని నా మంచం కిందికి వేయించింది. మాట మాత్రం లేదు. నీ సంగతి కూడా ఎత్తడం లేదు. కాబట్టి నువ్వు ఏం ఆశించాలో నేను చెప్పలేను.

ఇవాళ కట్టు మార్పించడానికి హాస్పిటల్‌కి వెళ్ళాలి. వాడు చొక్కా వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి, ఒంటిచేత్తో బొత్తాలు పెట్టుకోలేక అవస్థ పడుతున్నాడు. నేను పెడతానని వెళ్ళాను. బొత్తాం నా వేళ్ళ మధ్య ఉందో జారిపోయిందో నాకు తెలియడం లేదు. కన్నం కోసం వెతుకుతున్నాను, అందడం లేదు. వాడు కదలకుండా నిలబడ్డాడు పాపం, చేతనైనంతవరకూ సాయంపట్టాడు. ఇద్దరు మగవాళ్ళం, ఒక్క బొత్తాం పెట్టలేకపోయాం.

వంటింట్లోంచి అమ్మాయి వచ్చింది. నన్ను పక్కకి జరిపి వాడి చొక్కా బొత్తాలన్నీ పెట్టింది. పెట్టి, నా వైపు చూసింది. నా చొక్కా ఒక బొత్తాం తప్పి పక్కదానిలో పెట్టుకున్నానని అప్పుడు తెలిసింది, పొద్దుట నుంచీ అలాగే తిరుగుతున్నాను. పైనుంచి కిందిదాకా విప్పి, మళ్ళీ మొదటినుంచీ పెట్టింది. నేను తల వంచుకుని నిలబడ్డాను.

నువ్వు ఎప్పుడొస్తావో రాయి.

మామయ్య